పాకం గిన్నెలో థర్మోకపుల్

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ బ్యాగులో ఒక కె-టైపు థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ), దాని మీటరు వేసుకుపోయాను. నా ఉద్యోగం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో. పాతికేళ్లుగా ఉష్ణోగ్రతలు కొలిచే పరికరాలతోనే కాపురం. అమ్మ అరిసెలకి పాకం పడుతుంటే ఆ ప్రోబు గిన్నెలోకి దించి, "ఏ డిగ్రీ దగ్గర దించుతావో ఇవాళ తేలిపోతుంది" అన్నాను. అమ్మ దాన్ని అనుమానంగా చూసి, "కడిగావా?" అని మాత్రం అడిగింది.

ఆమె పక్కన ఎప్పటిలాగే గిన్నెతో చన్నీళ్లు. గరిటెతో చుక్క పాకం అందులో వేసి వేళ్లతో దగ్గరికి లాగడం, పెదవి విరవడం, మళ్లీ కలపడం. మీటరు 108 చూపించింది, 110, 112. 113 దగ్గర నీళ్లలోని పాకం మెత్తగా ఉండ కట్టింది. "వచ్చింది" అని పొయ్యి మీంచి దించేసింది. రెండో వాయికీ 113. నాకు గర్వం పెరిగింది. మూడో వాయికి బెల్లం అయిపోయి కొట్టు నుంచి వేరే బెల్లం తెచ్చారు. ఈసారి 111 దగ్గరే అమ్మ గిన్నె దించబోయింది. "ఆగు, ఇంకా రెండు డిగ్రీలు ఉంది" అన్నాను. ఆమె ఆగలేదు. అరిసెలు చక్కగా వచ్చాయి. నా మాట విని ఉంటే ముదిరిపోయి, పళ్లతో పని పడేది.

మీటరు అబద్ధం చెప్పలేదు. పాకం అప్పుడు నిజంగా 111 డిగ్రీలే. కానీ అమ్మకి కావలసింది ఉష్ణోగ్రత కాదు, పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలిందన్నది. నీరు ఆవిరైపోయి పాకం చిక్కబడేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి, బెల్లం మారనంతకాలం ఒకదాన్ని చూసి రెండోది చెప్పవచ్చు. బెల్లం మారింది, ఆ లంకె సడలింది. నీళ్లగిన్నె మాత్రం నేరుగా అసలు సంగతినే పరీక్షిస్తోంది.

ఇదంతా చూస్తున్న మా మేనల్లుడు (ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ) అప్పుడు అందుకున్నాడు. "ఉష్ణోగ్రత అంటే అణువుల సగటు గతిజశక్తే కదా మామయ్యా. పాకంలో అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయో నీ మీటరు చెప్పింది, అంతే." నేను కాదన్నాను. వాడు పుస్తకం తెచ్చాడు. భోగి నాడు మొదలైన వాదన కనుమ దాకా సాగింది. వాడితో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలవడం సంగతి. ఏ థర్మామీటరైనా చెప్పేది తన ఉష్ణోగ్రతే. వినడానికి చమత్కారంలా ఉంటుంది గానీ మా వృత్తిలో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. ఒకసారి ఒక స్టీమ్ లైన్‌లో రీడింగు ఉండాల్సినదానికంటే 12 డిగ్రీలు తక్కువ వస్తోంది. ఆపరేషన్ వాళ్లు థర్మోకపుల్ పాడైందంటారు, మేం బాయిలర్‌నే అనుమానించమంటాం. మూడు షిఫ్టులు అలా గడిచాయి. థర్మోకపుల్ ఊడదీసి కాలిబ్రేటర్‌లో పెడితే డిగ్రీ కూడా తేడా లేదు. చివరికి తేలిందేమిటంటే, అది థర్మోవెల్ (పైపులో థర్మోకపుల్‌ని దించే లోహపు గొట్టం) అడుగుకి ఆనడం లేదు. మధ్యలో వేలెడు గాలి. లోపల ఆవిరి తన వేడి తనదిగా ఉంది, బయట చల్లగా ఉన్న తల వైపుకి ఆ మొన నుంచి వేడి పారిపోతోంది. ఆ రెండింటి నడుమ తను ఎక్కడ తేలిందో అది నిజాయితీగా చెప్పింది. ఆవిరి గురించి చెప్పిందని మేం అనుకున్నాం.

ఆ మాటకొస్తే థర్మోకపుల్ ఉష్ణోగ్రతని కొలవనే కొలవదు. 1821లో సీబెక్ గమనించినట్టు, రెండు వేర్వేరు లోహపు తీగల్ని కలిపి ఒక కొస వేడిగా, ఒక కొస చల్లగా ఉంచితే కొద్దిగా వోల్టేజి పుడుతుంది. కె-టైపులో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. అంటే అది చెప్పేది రెండు కొసల తేడా. రెండో కొస ఎంత వేడిగా ఉందో మరో పరికరం చెప్పాలి. పీటీ-100 అనే ఇంకో సెన్సరు అయితే కొలిచేది ప్లాటినం తీగ నిరోధం: సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5. పాదరసం థర్మామీటరు కొలిచేది పొడవు. ఇన్‌ఫ్రారెడ్ గన్ కొలిచేది వెలుతురు. అది తళతళలాడే అల్యూమినియం రేకు వైపు చూపిస్తే ఎదురుగోడ ప్రతిబింబాన్ని కొలిచి పెడుతుంది, అందుకే మేం రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాన్ని గురిచూస్తాం. పొడవుని స్కేలుతో కొలిచినట్టు ఉష్ణోగ్రతని ఉష్ణోగ్రతతో కొలిచే సాధనం ఏదీ లేదు. ఎప్పుడూ ఇంకేదో కొలుస్తాం, అక్కడినుంచి ఊహిస్తాం.

మరి వోల్టు, ఓము, పొడవు, వెలుతురు, ఇన్ని వేర్వేరు సంగతులు ఒకే అంకెని చూపిస్తున్నాయని ఏ ధైర్యంతో అంటున్నాం? ఆ ధైర్యం పేరు శూన్యాంక నియమం. రెండు వస్తువులు విడివిడిగా మూడోదానితో ఉష్ణసమతాస్థితిలో (తగిలించినా వేడి ఎటూ పారని స్థితిలో) ఉంటే, వాటిని ఒకదానికొకటి తగిలించినా వాటిమధ్య వేడి పారదు. అంతే నియమం. మూడోదే థర్మామీటరు. ఉష్ణగతిశాస్త్రపు మొదటి, రెండో నియమాలకి పేర్లు పెట్టేసిన తర్వాత, వీటన్నిటికంటే ముందు చెప్పాల్సినది ఇదని గుర్తుకొచ్చి సున్నా నంబరు ఇచ్చారు. మేఘనాద్ సాహా, శ్రీవాస్తవ కలిసి రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథం 1935 నాటిది. ఆ పుస్తకం గురించి చర్చిస్తూ ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఫౌలర్ ఈ పేరు వాడాడని జర్మన్ శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ రాశాడు. ఇలాహాబాదు, కలకత్తా తరగతి గదుల పాఠం ఒకటి ఆ పేరు వెనక ఉందన్నమాట.

ఈ నియమంలో అణువుల ఊసు లేదు, గతిజశక్తి ఊసు లేదు. ఉన్నది ఒకే ప్రశ్న: తగిలిస్తే వేడి ఎటు పారుతుంది? నా మొత్తం వాదన ఈ ప్రశ్న చుట్టూనే. వేడి పారే దిక్కుని చెప్పేది ఉష్ణోగ్రత. అణువుల జోరు కొన్నిచోట్ల దానికి గుర్తు, అంతే.

మన చెయ్యి ఈ ప్రశ్నకి జవాబు చెప్పదా అంటే, చెబుతుంది, కాకపోతే వేరే ప్రశ్నతో కలిపేసి చెబుతుంది. చలికాలం పొద్దున్నే వంటింట్లో స్టీలు గ్లాసు, చెక్క పీట రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి. రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. స్టీలు చల్లగా, చెక్క గోరువెచ్చగా అనిపిస్తుంది. చర్మంలోని వేడిని స్టీలు గబగబా లాగేసుకుంటుంది, చెక్క నింపాదిగా. చెయ్యి కొలిచేది తన నుంచి పోతున్న వేడి ఎంత వడిగా పోతోందన్నది. జ్వరం చూడ్డానికి నుదుటి మీద అమ్మ పెట్టే చెయ్యి కూడా ఇదే పని చేస్తుంది. అది పనికొస్తుంది కూడా, ఎందుకంటే ఎదురుగా ఉన్నది ప్రతిసారీ చర్మమే, స్టీలు కాదు.

అంకెల దగ్గరికి వద్దాం. 1742లో ఉప్సాలాలో ఆండర్స్ సెల్సియస్ తన స్కేలుని ప్రకటించినప్పుడు నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. అవును, తిరగేసి. ఆయన 1744లో పోయాక దాన్ని ఇప్పటిలా మార్చారు. సాధారణంగా దీన్ని ఒక వింతగా చెప్పి నవ్వుకుంటారు. నా లెక్కలో ఆయన చేసింది తప్పు కాదు, దాని సంగతి కాసేపట్లో. అంతకుముందే, 1714 ప్రాంతంలో ఫారెన్‌హైట్ పాదరసంతో నమ్మదగ్గ థర్మామీటర్లు చేశాడు. ఆయన డిగ్రీలు మన ఇళ్లలో జ్వరానికి మాత్రం మిగిలాయి. ఎండ 44 అంటే సెల్సియస్, జ్వరం 102 అంటే ఫారెన్‌హైట్ అని ఎవరూ నేర్పకుండానే మనకి తెలుసు. ఒకే ఇంట్లో రెండు స్కేళ్లు, ఎవరికీ ఇబ్బంది లేదు.

అయితే ఒక మెలిక. పాదరసం గొట్టం మీద 0, 100 గుర్తులు పెట్టి మధ్యభాగాన్ని వంద సమభాగాలు చేశాం. ఆల్కహాలు గొట్టానికీ అలాగే చేశాం. రెండూ 0 దగ్గరా 100 దగ్గరా కలుస్తాయి, మధ్యలో కలవవు. ఏది నిజమైన 50? పాదరసం సమంగా వ్యాకోచిస్తుందో లేదో చూడాలంటే ముందుగా సరైన థర్మామీటరు ఉండాలి. సరైన థర్మామీటరు కావాలంటే సమంగా వ్యాకోచించేది ఏదో ముందే తెలియాలి. పెళ్లి కుదిరితే పిచ్చి కుదురుతుంది, పిచ్చి కుదిరితే పెళ్లి కుదురుతుంది అన్నట్టు.

ఈ ముడిని తెంపింది విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన. 1848లో, 24 ఏళ్ల వయసులో. ఆయనకి ఆసరా ఫ్రెంచి ఇంజనీరు కార్నో రాసిన చిన్న పుస్తకం. అది అచ్చయింది 1824లో, కెల్విన్ పుట్టిన ఏడే. ఆవిరి యంత్రం వేడిచోటు నుంచి ఉష్ణం తీసుకుని, కొంత పనిగా మార్చి, మిగతాది చల్లచోట వదిలేస్తుంది. ఎంత ఆదర్శవంతమైన యంత్రమైనా ఎంతో కొంత వదలక తప్పదు, ఎంత వదలాలన్నది ఆ రెండు చోట్ల ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుంది, లోపల తిరిగేది ఆవిరా గాలా అన్నదానితో పనిలేదు. కార్నో చెప్పినదానికి తర్వాత దిద్దిన రూపం ఇది. అయితే ఉష్ణోగ్రతకి నిర్వచనమే అక్కడినుంచి తీసుకుందాం అన్నాడు కెల్విన్. తీసుకున్న ఉష్ణానికీ వదిలిన ఉష్ణానికీ ఉన్న నిష్పత్తే రెండు ఉష్ణోగ్రతల నిష్పత్తి. కొంత మెరుగు పడ్డాక ఆయన స్కేలు ఇదే అయింది. పాదరసం, ఆల్కహాలు రెండూ పక్కకి తప్పుకున్నాయి.

ఇది మా ప్లాంటులో రోజూ అనుభవించే సత్యం. టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరి 540 డిగ్రీలు, అంటే 813 కెల్విన్ (సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్). వాడేసిన ఆవిరి నీరయ్యే కండెన్సర్ 45 డిగ్రీలు, అంటే 318 కెల్విన్. 318ని 813తో భాగిస్తే 0.39. నూరు పాళ్ల వేడిలో 39 పాళ్లు వదిలేయాల్సిందే, దేవుడు దిగొచ్చినా 61 పాళ్లకి మించి కరెంటు రాదు. నిజజీవితంలో 40కి అటూఇటూగానే వస్తుంది. మిగిలింది కూలింగ్ టవర్ల మీద తెల్లగా కనిపిస్తుంటుంది, దాన్ని పొగనుకుంటారు జనం.

ఇప్పుడు మేనల్లుడి నిర్వచనం. "సగటు గతిజశక్తి" అన్నది వాయువులకి చక్కగా సరిపోతుంది, అందుకే పాఠం అక్కడ మొదలవుతుంది. అక్కడే ఆగిపోవడం చిక్కు. మొదట, 120 కిలోమీటర్ల వేగంతో పోయే రైలులోని వాటర్ బాటిల్ అణువులన్నిటికీ గతిజశక్తి పెరిగింది, నీళ్లు మాత్రం వేడెక్కలేదు. "అది మొత్తంగా కదలడం, లోపల చెదురుమదురుగా కదిలేదే లెక్క" అన్నాడు వాడు. నిజమే, ఒప్పుకున్నాను. అయితే రాగి తీగలోకి రా అన్నాను.

రాగిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో రెండు ఉండకూడదన్న క్వాంటం నియమానికి కట్టుబడి, కింది మెట్లు నిండిపోవడంతో పైపై మెట్ల మీద సర్దుకుంటాయి. వాటి సగటు గతిజశక్తి సుమారు 4.2 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). వాయువుల సూత్రంలో ఈ సంఖ్య వేస్తే ఉష్ణోగ్రత 32,000 కెల్విన్ దాటుతుంది. సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్. అంటే నువ్వు చదివిన నిర్వచనం ప్రకారం ఈ గోడలోని వైరింగు సూర్యుడికి అయిదు రెట్లు వేడి, స్విచ్చి ముట్టుకోకు అన్నాను. వాడు స్విచ్చి వైపు చూశాడు. తీగ చల్లగానే ఉంది, ఎందుకంటే ఆ ఎలక్ట్రాన్లకి ఎంత శక్తి ఉన్నా పక్కవాటికి ఇవ్వలేవు. దిగడానికి కింద ఖాళీ మెట్టు లేదు. ఉండటం వేరు, ఇవ్వగలగడం వేరు.

అంతరిక్షమంతా నిండి ఉన్న సూక్ష్మతరంగ కాంతికి 2.725 కెల్విన్ల ఉష్ణోగ్రత ఉంది. అందులో అసలు అణువులే లేవు.

మరి ఇవ్వగలగడాన్ని ఎలా కొలుస్తాం? ఇక్కడ పక్కింటి పిల్లలూ, డబ్బాలో ఉన్న లడ్డూలూ సాయానికొచ్చాయి. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు, రెండు లడ్డూలు. ఎవరికెన్ని అన్నది ఎన్నిరకాలుగా జరగవచ్చు? ఒకరికే రెండూ పోవచ్చు, మూడు విధాలు. ఇద్దరికి చెరొకటి రావచ్చు, మూడు విధాలు. మొత్తం 6. లడ్డూలు మూడైతే 10. ఎదురింట్లోనూ ముగ్గురు పిల్లలే గానీ 21 లడ్డూలు: 253 విధాలు. 20 అయితే 231.

ఇప్పుడు లడ్డూలు ఎక్కువున్న ఇంటినుంచి తక్కువున్న ఇంటికి ఒకటి వెళ్లిందనుకో. అంతకుముందు రెండిళ్లూ కలిపి 253 ఇంటూ 6, అంటే 1,518 విధాలు. తర్వాత 231 ఇంటూ 10, అంటే 2,310. ఎవరూ దయతో పంచలేదు, ఎవరూ లాక్కోలేదు. లడ్డూలు గుడ్డిగా చేతులు మారుతున్నా, 2,310 విధాలున్న ఏర్పాటే ఎక్కువసార్లు కనిపిస్తుంది. పిల్లల స్థానంలో కోట్ల కోట్ల అణువులు, లడ్డూల స్థానంలో శక్తి తునకలు పెట్టుకుంటే ఆ "ఎక్కువసార్లు" కాస్తా "ఎప్పుడూ" అవుతుంది. టీ చల్లారుతుంది, తిరిగి దానంతటది వేడెక్కదు.

మూడో ఇల్లు ఉమ్మడి కుటుంబం: 30 మంది పిల్లలు, 30 లడ్డూలు. 21 ఉన్న ఇంటికంటే ఎక్కువే ఉన్నాయి. అయినా వీళ్లకి ఇంకో లడ్డూ వస్తే విధాల సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. 20 లడ్డూలున్న ముగ్గురి ఇంటికి ఇంకొకటి వస్తే తొమ్మిదిన్నర శాతం మాత్రమే పెరుగుతుంది. కాబట్టి లడ్డూ తక్కువున్న ఇంటినుంచి ఎక్కువున్న ఇంటికే వెళ్తుంది! చెరువులో ఉన్న మొత్తం ఉష్ణం గ్లాసెడు టీలో ఉన్నదానికి ఎన్నో రెట్లు, అయినా టీ ఒలికితే చెరువుకే వేడి ఇస్తుంది. ఎంత ఉందన్నది కాదు లెక్క, ఇంకొకటి వస్తే ఎంత తేడా పడుతుందన్నది. విధాల సంఖ్యకి లాగరిథమ్ తీస్తే ఎంట్రోపీ. వియన్నాలో బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన ఎస్ = కె లాగ్ డబ్ల్యూ అదే. ఒక తునక శక్తి వచ్చినందుకు ఎంట్రోపీ ఎంత పెరిగిందో, ఆ పెరుగుదలకి తలకిందులైన సంఖ్య ఉష్ణోగ్రత.

తలకిందులు ఎందుకంటే, అసలు సహజంగా పుట్టే సంఖ్య ఆ పెరుగుదలే. అది చల్లదనాన్ని కొలుస్తుంది: చల్లగా ఉన్నదానికి ఒక తునకతో ఎంతో లాభం, వేడిగా ఉన్నదానికి కొంచెమే. భౌతికశాస్త్రజ్ఞులు దానికి బీటా అని పేరు పెట్టి రోజూ వాడుకుంటారు. చల్లబడేకొద్దీ పెరిగే సంఖ్య! సెల్సియస్ మొదట పెట్టిన దిక్కు అదే. ఆయనకి ఇవేవీ తెలియవు, కాకతాళీయమే, అయినా ఆ తిరగేసిన థర్మామీటరుని చూసి నవ్వడం మానేశాను.

ఆ దిక్కులో చూస్తే ఇంకో వింత కూడా వింతగా ఉండదు. ఇంకో ఇంట్లో నలుగురు పిల్లలు, కఠినమైన నియమం: మనిషికి ఒకటికి మించి లడ్డూ లేదు. సున్నా లడ్డూలైతే 1 విధం, ఒకటైతే 4, రెండైతే 6, మూడైతే మళ్లీ 4, నాలుగైతే 1. మూడు లడ్డూలున్న ఈ ఇల్లు ఒకటి వదిలించుకుంటే విధాలు తగ్గవు, పెరుగుతాయి. ఇలాంటి ఇల్లు ఎవరు ఎదురొచ్చినా వాళ్లకి ఇవ్వడానికే చూస్తుంది. స్ఫటికంలోని పరమాణు కేంద్రకాల స్పిన్‌లు (వాటిని చిన్న అయస్కాంతాల్లా చేసే గుణం) సరిగ్గా ఇలాంటివే, పైమెట్టుకి హద్దు ఉంటుంది. 1951లో పర్సెల్, పౌండ్ లిథియం ఫ్లోరైడు స్ఫటికంలో స్పిన్‌లని ఈ స్థితికి తెచ్చి చూపించారు. వాటి ఉష్ణోగ్రత రుణసంఖ్య. సున్నా కంటే చల్లన అనుకుంటారు చాలామంది. కాదు, ధనసంఖ్యలున్న ప్రతి వస్తువు కంటే వేడి, ఎందుకంటే దేన్ని తగిలించినా దానికే వేడి ఇస్తాయి. "సగటు గతిజశక్తి" పట్టుకుని ఇక్కడికి చేరే దారి లేదు. రుణ గతిజశక్తి ఉండదు కదా.

ఇంతా చెప్పాక నాకు తట్టింది, మన మాటలోనే ఇది ఉంది. హిందీలో తాపమాన్ అంటారు, అంటే తాపపు కొలత. మనవాళ్లెవరో ఉష్ణానికి ఉగ్రత చేర్చి ఉష్ణోగ్రత అన్నారు. ఉష్ణం ఎంత ఉందన్నది వేరు, దాని ఉగ్రత వేరు. గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ 1760ల్లో పడిన తంటా అంతా ఈ రెండింటినీ విడదీయడానికే. కరుగుతున్న మంచుకి ఎంత వేడి పోసినా దాని ఉష్ణోగ్రత కదలకపోవడం చూసి గుప్తోష్ణం అన్న ఊహకి వచ్చాడు. ఉష్ణోగ్రత అన్న మాట పుట్టించినవారి పేరు నాకు దొరకలేదు గానీ వారికి నా నమస్కారం. ("మామిడిపండు వేడి చేస్తుంది" అనేటప్పుడు మనం చెప్పే వేడికి ఉగ్రతా లేదు, ఉష్ణమూ లేదు. అది వేరే శాస్త్రం, దాని జోలికి నేను పోను.)

ప్రమాణాల సంగతి కూడా ఈ దిక్కులోనే తిరిగింది. 1954 నుంచి కెల్విన్‌ని నీటితో నిర్వచించేవారు. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండే త్రికబిందువు 273.16 కెల్విన్ అని. బాగానే ఉంది, కానీ ఏ నీరు? నీటిలో బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పాళ్లు చోటునిబట్టి మారతాయి, దాంతో త్రికబిందువు అతి కొద్దిగా జరుగుతుంది. 2005లో సముద్రపు నీటి పాళ్లని ప్రమాణంగా తీసుకోవాలని రాసుకోవాల్సి వచ్చింది. అమ్మకి బెల్లం మారినట్టే. చివరికి 2019 మే 20 నుంచి నీటిని వదిలేసి, ఆ సమాధి మీది కె, అంటే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్నే 1.380649 × 10⁻²³ జౌళ్లు ప్రతి కెల్విన్‌కి అని ఖాయం చేశారు. ఆ అంకె తేల్చడానికి జరిగిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది వాయువులో ధ్వనివేగం కొలవడం. ఇంగ్లండ్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో రాగితో చేసిన బోలు గోళంలో ఆర్గాన్ నింపి, అది ఏ ఏ స్వరాల దగ్గర గట్టిగా మోగుతుందో విన్నారు. ఫ్రెంచివాళ్లు హీలియంతో చేశారు. ధ్వనివేగానికీ ఉష్ణోగ్రతకీ లంకె గట్టిది. ఇంట్లోని గాలిలో కూడా సున్నా డిగ్రీల దగ్గర సెకనుకి 331 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర 349.

హీలియం అన్నాను కాబట్టి మా జిల్లా గొప్ప చెప్పుకోకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేసి సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని చూశాడు. అలాంటి జ్వాలల్లో కనిపించిన ఒక పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. ఆ తర్వాత 1920లో కలకత్తా నుంచి సాహా, వర్ణపటంలో ఏ మూలకం గీతలు ఎంత ముదురుగా ఉన్నాయో చూసి నక్షత్రాల ఉష్ణోగ్రత చెప్పే సమీకరణం ఇచ్చాడు. ముట్టుకోలేనిదాన్ని కొలవడంలో అంతకుమించినది నాకు తెలియదు. దూరం నుంచే వేడి కొలిచే మా పైరోమీటర్లు దాని ముందు ఆటవస్తువులు.

ఇక ప్రతి మే నెలలో జరిగే తగాదా ఒకటుంది. "టీవీలో 44 అంటున్నారు, నా కారు మీటరు 49 చూపిస్తోంది, ప్రభుత్వం దాస్తోంది" అని. ఎవరూ ఏమీ దాయడం లేదు. వాతావరణశాఖ థర్మామీటరు ఉండేది తెల్లటి చెక్కపెట్టెలో. గాలి ఆడేలా చీలికల గోడలు, నేలకి నాలుగడుగుల పైన, చుట్టూ ఖాళీ స్థలం. థామస్ స్టీవెన్‌సన్ అనే లైట్‌హౌస్ ఇంజనీరు చేసిన ఏర్పాటది. ఎండ తగలకుండా ఇంత జాగ్రత్త ఎందుకంటే, థర్మామీటరు తన ఉష్ణోగ్రతే చెబుతుంది కాబట్టి. ఎండలో పెడితే అది ఎండకి కాలిన గాజు ఉష్ణోగ్రత చెబుతుంది, గాలిది కాదు. మీ కారు సెన్సరు బానెట్ సెగనీ, 60 దాటిన తారురోడ్డు సెగనీ కలిపి తన కథ చెబుతోంది. అదీ నిజమే, కాకపోతే రెంటచింతల గాలి గురించి కాదు.

కానీ నాకు ఆ ఫిర్యాదు చేసేవాళ్ల మీద సానుభూతి ఉంది. వాళ్ల ఒళ్లు అడుగుతున్నది గాలి ఉష్ణోగ్రత కాదు, నాలోంచి వేడి బయటికి పోతోందా లేదా అని. రామగుండంలో 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 దగ్గర ఉంటుంది. మచిలీపట్నంలో 36 డిగ్రీలే, తేమ 65 శాతం అనుకుందాం, తడిగుడ్డ థర్మామీటరు 30 చూపిస్తుంది. చెమట ఆరడం వల్ల ఒళ్లు చల్లబడే దారి రెండోచోటే ఎక్కువగా మూసుకుపోయింది. ఆ తడి ఉష్ణోగ్రత 35కి చేరితే నీడలో, ఫ్యాను కింద, నీళ్లు తాగుతూ కూర్చున్న ఆరోగ్యవంతుడి ఒంట్లోంచి కూడా వేడి బయటికి పోలేదు. అంతకు చాలా ముందే మనుషులు పడిపోతారు. అయినా మన వార్తల్లో పొడి అంకెకే పెద్ద అక్షరాలు. 43కి ఉన్న హడావుడి 36 ఉక్కపోతకి లేదు. పక్కనే రెండో అంకె వేయడానికి ఖర్చేమీ కాదు, తడిగుడ్డ చాలు.

కనుమ పొద్దున మేనల్లుడు చివరి అస్త్రం తీశాడు. "అయితే పరీక్షలో ఏం రాయను మామయ్యా?" సగటు గతిజశక్తి అనే రాయి, రెండు మార్కులు వస్తాయి అన్నాను. మూడు రోజుల వాదన తర్వాత ఆ జవాబు వాడికి నచ్చలేదని మొహంలో తెలిసింది.

మేం ప్రయాణమవుతున్నామని అమ్మ ఇంకో వాయి పాకం పెట్టింది, కొట్లో కొన్న ఆ రెండో బెల్లంతోనే. నేను ప్రోబు సర్దేసుకుంటుంటే, "అది ఇలా పడెయ్" అంది. తనే కడిగి గిన్నెలో దించింది. ఈసారి నీళ్లగిన్నె పక్కన లేదు.

"ఎంతుంది?"

"నూట తొమ్మిది."

పిండి జల్లెడ పట్టుకుంటూ తల ఎత్తకుండా అంది. "నూట పదకొండు కాగానే కేకెయ్యి. ఈ బెల్లానికి అంతే."